38,600 రూపాయలు, పద్నాలుగు నెలలు: జిల్లా అధికారులకు, కంపెనీల పెద్దలకు బహిరంగ లేఖ

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల కలెక్టర్లకు,
జిల్లా ఖనిజ నిధి ట్రస్టుల బాధ్యులకు,
హరిత నిధి వ్యవహారాలు చూసే అధికారులకు,
ఈ జిల్లాల్లో ఫ్యాక్టరీలు నడుపుతున్న కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత నిధుల) పెద్దలకు,

నమస్కారం.

నేను ప్రభుత్వ హైస్కూల్లో 31 ఏళ్లు ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయిన పంతుల్ని. మాది నల్లగొండ జిల్లాలో హైవేకు ఐదు కిలోమీటర్లు లోపలున్న ఊరు. ఈ లేఖలో ఉన్నదంతా ఇంతకుముందే అర్జీల రూపంలో మీ బల్లల మీదికి వచ్చింది. ప్రజావాణి రసీదులు నా దగ్గర ఐదున్నాయి. ఒక్కదానికీ రాతపూర్వకంగా జవాబు రాలేదు కాబట్టి ఇప్పుడు నలుగురి ముందు రాయాల్సి వస్తోంది. ఎవరినో దోషిగా నిలబెట్టాలని మాత్రం కాదు. అందుకే మా గోడులో ఏ ఆఫీసు పేరూ, ఏ కంపెనీ పేరూ ఎత్తడం లేదు.

మా బోర్ల నీళ్లను ల్యాబులో పరీక్ష చేయించడానికి మేం అడిగింది 38,600 రూపాయలు. అంకె సరిగ్గానే చదివారు, లక్షలు కాదు. అడిగి పద్నాలుగు నెలలైంది.

ముందు జరిగింది చెబుతా.

మా ఊరికి ఎగువన ఒక కుంట ఉంది. మూడేళ్ల కింద వానాకాలంలో, రాత్రి పన్నెండు దాటినంక ట్యాంకర్లు ఆ దారిన పోతున్నాయని చేను కావలికి పోయినవాళ్లు చెప్పారు. తెల్లారేసరికి వాసన. మురుగు వాసన కాదు, గోళ్ల రంగు సీసా మూత తీస్తే వచ్చే తియ్యటి ఘాటు. మనుషుల కంటే ముందు బర్లు కనిపెట్టాయి. మా వాడలో ఒకామెకు నాలుగు బర్లున్నాయి. ఎండలో మేసొచ్చి కుంటలో మూతి పెట్టి, వెంటనే పైకెత్తి, తల విదిలించి వెనక్కి తిరిగాయట. దాహం మీదున్న బర్రె నీళ్లు వద్దనడం ఆమె ఎన్నడూ చూడలేదు. మర్నాడు పొద్దున్నే ఒక బీరు సీసాలో ఆ నీళ్లు పట్టుకుని మా ఇంటికొచ్చి, "సారూ, మీరు సైన్స్ చెప్పినోళ్లు గదా, ఈ నీళ్లల్ల ఏమున్నదో చెప్పుండ్రి" అని బల్ల మీద పెట్టింది.

చెప్పలేకపోయాను. లిట్మస్ కాగితం ఎప్పుడు ఎర్రబడుతుందో 31 ఏళ్లు పిల్లలకు నేర్పినవాణ్ని, ఆ సీసా ముందు నోరు మెదపలేదు.

అట్లా మొదలైంది మా గుంపు. పదకొండు మందిమి, ఆరుగురు ఆడవాళ్లు. పేరు లేదు, బోర్డు లేదు, అధ్యక్షుడు లేడు. ఇంటికి వంద చొప్పున 43 ఇళ్లు తిరిగి 4,300 పోగు చేశాం. ఒక శాంపిల్‌కు ల్యాబ్ ఫీజు 2,400. నీళ్లలో కరిగిన లవణాలెన్నో (టీడీఎస్) చూపే పెన్ను లాంటి మీటరు ఒకటి 1,200. మిగిలిన 700 సీసాలకు, దారి ఖర్చులకు. ఆ ఒక్క శాంపిల్‌కే మా దగ్గరి డబ్బు అయిపోయింది.

శాంపిల్ తీయడమంటే బిందె ముంచినట్టు కాదు. మోటరు పది నిమిషాలు నడవనివ్వాలి, పైపులో నిల్వ ఉన్న నీళ్లు పోవాలి. సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడగాలి. గాలి బుడగ లేకుండా అంచు దాకా నింపి మూత బిగించాలి. సీసా మీద ప్లాస్టరు అతికించి తేదీ, గంట, సర్వే నంబరు రాయాలి. ఐసు కావాలి, చేపలమ్మే ఆయన దగ్గర ఇరవై రూపాయలకు దొరుకుతుంది. థర్మకోల్ పెట్టెలో పెట్టుకుని సాయంత్రం లోపు హైదరాబాద్ ల్యాబుకు చేర్చాలి. బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేకపోవడం మా గుంపుకు బాగా కలిసొచ్చింది. పెట్టె పట్టుకుని పోయేది వాళ్లే. కండక్టరు "చేపలా అమ్మా?" అనడుగుతాడట.

మీటరు రీడింగులు మాత్రం ప్రతి ఆదివారం నోటు పుస్తకంలో రాస్తున్నాం. కుంట కింది బోరులో జనవరిలో 640 ఉన్న టీడీఎస్ ఏప్రిల్‌లో 2,900కు పోయింది. తాగే నీళ్లలో 500 లోపు ఉండాలనీ, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా ఓర్చుకోవచ్చనీ మన దేశపు ప్రమాణం చెబుతుంది. ఎండాకాలం ఉప్పు పెరగడం మామూలేనని మీ ఇంజనీర్లు అంటారు, అది నాకూ తెలుసు. అందుకే ఊరికి అవతలి పక్కనున్న బోరునూ చూశాం. అదే నెలల్లో అక్కడ 580 నుంచి 660 అయింది, అంతే. తేడా ఎక్కడుందో ఎనిమిదో తరగతి పిల్లవాడు చెప్పగలడు. ఆ నీళ్లలో ఉన్నదేమిటో మాత్రం మీటరు చెప్పదు, ల్యాబే చెప్పాలి.

నాలుగు బోర్లు, మూడు కాలాలు, మొత్తం పన్నెండు శాంపిళ్లు. వాటి ఫీజు 28,800. ఇంకో నాలుగు మీటర్లకు 4,800. సీసాలు, ఐసు, ప్రయాణాలకు 3,000. జిరాక్సులు, రిజిస్టర్లకు 2,000. మొత్తం 38,600. కిందటేడు జూన్‌లో 61 సంతకాలతో అర్జీ పెట్టాం.

మొదట సొసైటీగా రిజిస్టర్ కమ్మన్నారు. సరే, ఏడుగురుంటే చాలు కదా అన్నాం. రిజిస్టరైతే చాలదు, ఆ తర్వాత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు కూడా కావాలన్నారు. ఒక కంపెనీ సీఎస్ఆర్ ఆఫీసుకు పోతే పన్ను మినహాయింపు పత్రాలు 12ఏ ఉందా, 80జీ ఉందా, ప్రపోజల్ ఇంగ్లిష్‌లో ఉందా అని అడిగారు. చివరికి ఒక ఆఫీసులో, పాపం మంచి మనిషే, ఒకాయన నన్ను పక్కకు పిలిచి చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "సార్, ఇంత చిన్నదానికి ఫైలు పెట్టలేం. పది లక్షలకు రాసుకొని రండి, ఏమన్నా చూద్దాం."

ఈ లేఖ ఆ మాట మీదే. 38 వేలకు తెరుచుకోని తలుపు పది లక్షలకు తెరుచుకుంటుందంటే, ఆ తలుపును కట్టినవాళ్ల కొలతలోనే తప్పుంది.

చిన్న డబ్బుతో ఏమవుతుందని మీరు అడగొచ్చు. లోకంలో ఏమైందో కొంచెం చూడండి.

కెన్యాలో వంగారి మాతాయ్ 1977లో మొదలుపెట్టిన గ్రీన్ బెల్ట్ ఉద్యమంలో, మొక్కలు పెంచిన పల్లెటూరి ఆడవాళ్లకు ఒక్కో మొక్కకు కొద్దిపాటి పైసలిచ్చేవారు. నాటినందుకు కాదు, బతికినందుకు. (మన హరితహారం గుంతలు గుర్తొస్తే నా తప్పు కాదు.) ఆ కొద్దిపాటి పైసలు కోట్ల చెట్లయ్యాయి. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

తమిళనాడులోని కడలూరులో సిప్‌కాట్ పారిశ్రామికవాడ పక్క ఊళ్లవాళ్లు 2004 నాటికే ప్లాస్టిక్ బకెట్లతో గాలి శాంపిళ్లు తీశారు. బకెట్ మూతకు రెండు రంధ్రాలు, లోపల ఒక ప్రత్యేకమైన సంచి. బకెట్లోని గాలిని బయటికి లాగేస్తే, బయటి గాలి గొట్టం గుండా వచ్చి సంచిలో నిండుతుంది. సంచిని ల్యాబుకు పంపితే ఏ రసాయనం ఎంతుందో తెలుస్తుంది. దాంతోపాటు ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ వాసన వచ్చిందో ఊరివాళ్లే రాసి పెట్టుకున్నారు. అప్పటిదాకా "వాసనొస్తోంది సార్" అన్న ఫిర్యాదుకు విలువ లేదు. ఆ తర్వాత కాగితం మీద రసాయనాల పేర్లుంటే కాదనడం కష్టమైంది. ఈ బకెట్ పద్ధతి పుట్టింది అమెరికాలో. అక్కడ లూసియానా రాష్ట్రంలోని నార్కో అనే ఊళ్లో మార్గీ రిచర్డ్ అనే స్కూలు టీచరు, తన బస్తీ పక్కనున్న కెమికల్ ప్లాంటు మీద ఏళ్ల తరబడి పోరాడింది. వాళ్ల చేతిలోని ఆయుధాల్లో ఈ బకెట్ కూడా ఒకటి. 2002లో కంపెనీ ఆ బస్తీ ఇళ్లను కొనుక్కుని వాళ్లను వేరే చోటికి పంపడానికి ఒప్పుకుంది. తోటి టీచరు కాబట్టి ఆమె గురించి చదివినప్పుడు నాకు కొంచెం గర్వం, దానికి మించి సిగ్గు వేశాయి.

ఇలాంటి పనులకు డబ్బిచ్చే పద్ధతి కూడా కొత్తది కాదు. 1992లో, రియోలో ధరిత్రి సదస్సు జరిగిన ఏడాదే, గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ చిన్న గ్రాంట్ల కార్యక్రమం మొదలైంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ దాన్ని నడుపుతూ వచ్చింది. వందకు పైగా దేశాల్లో సాగింది, మన దేశంలోనూ సాగింది. చాలా ఏళ్లు ఒక గ్రాంటుకు గరిష్ఠ పరిమితి 50 వేల డాలర్లు. ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో ప్రభుత్వం బయటివాళ్లే ఎక్కువమంది ఉండాలన్నది దాని నియమం. 1993లో అమెరికాలో మొదలైన గ్లోబల్ గ్రీన్‌గ్రాంట్స్ ఫండ్ ఇంకా చిన్న మొత్తాలిస్తుంది, కొన్ని వేల డాలర్లు. ఎవరికివ్వాలో అమెరికా ఆఫీసు కాదు, ఆయా ప్రాంతాల్లో ఉద్యమాలతో కలిసి పనిచేసే సలహాదారులు చెబుతారు. నాకు నచ్చింది ఇదే. ఊరి సంగతి తెలిసినవాళ్ల మాట మీద డబ్బు కదులుతుంది.

అయితే ఆ డబ్బు మాకు వద్దు. వద్దనుకున్నా, కావాలనుకున్నా రాదు కూడా. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించాక, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. అంతకుముందు పెద్ద సంస్థలు తీసుకుని జిల్లాల్లోని చిన్న గుంపులకు తలా కొంత పంచేవి, ఆ దారి మూసుకుపోయింది. చిన్న గుంపు సొంతంగా ఆ చట్టం కింద రిజిస్టర్ కావాలంటే మూడేళ్ల వయసుండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు ఖర్చు చేసినట్టు చూపాలి, ఢిల్లీలోని ఒకే ఒక్క బ్యాంకు బ్రాంచిలో ఖాతా తెరవాలి. బర్ల పాలు పోసుకుని బతికే ఆమెకు ఢిల్లీలో ఖాతా! ఆ చట్టం మంచిచెడ్డలు వేరే చర్చ. బయటి దారి మూసినప్పుడు ఇంటి తలుపైనా తెరిచి పెట్టాలి కదా అన్నదే నా మాట.

ఇంట్లో డబ్బు లేదా అంటే, ఉంది. మూడు చోట్ల ఉంది.

ఒకటి, జిల్లా ఖనిజ నిధి. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో వచ్చింది. గని లీజుదారు కట్టే రాయల్టీ మీద 10 శాతం, పాత లీజులైతే 30 శాతం దీనికి జమ చేయాలి. 2024 మార్గదర్శకాల ప్రకారం ఈ నిధిలో కనీసం 70 శాతం తాగునీరు, కాలుష్య నియంత్రణ, వైద్యం, చదువు లాంటి ముఖ్యమైన వాటికే పోవాలి. కృష్ణ ఒడ్డున సున్నపురాయి తవ్వినా, గుట్టల్లో గ్రానైట్ కోసినా జిల్లాకు డబ్బు వస్తోంది. మా ఊరికి ఒక పక్క కంకర క్వారీ ఉంది, మేం ఈ నిధి కిందికి వస్తామా రామా అని కూడా రాసి అడిగాం. ఆ రసీదు నంబరు నా దగ్గరుంది.

రెండోది, తెలంగాణ హరిత నిధి. 2022లో ప్రభుత్వ ఉద్యోగి జీతంలో నెలకు 25 రూపాయలు, ఒక్కో రిజిస్ట్రేషన్ మీద 50 రూపాయలు, ఆఖరికి స్కూలు పిల్లల దగ్గర కూడా ఐదు రూపాయలు పెట్టి ఏర్పాటు చేసిన నిధి అది. తీసుకునేటప్పుడు ఐదు రూపాయలు చిన్నవని అనిపించలేదు. ఇచ్చేటప్పుడు 38 వేలు చిన్నవైపోయాయి.

మూడోది, కంపెనీల సీఎస్ఆర్. లాభాల్లో రెండు శాతం. తాము పనిచేసే చోటికి, చుట్టుపక్కలకు ముందు ప్రాధాన్యం ఇవ్వాలని కంపెనీల చట్టంలోని 135వ సెక్షనే చెబుతోంది. కానీ 2021 నుంచి ఆ డబ్బు అందుకునే సంస్థకు రిజిస్ట్రేషన్ నంబరు, పన్ను మినహాయింపు పత్రాలు, మూడేళ్ల అనుభవం కావాలి. ఫలితం మీకు తెలిసిందే. ఊరికి ఒక ఆర్వో ప్లాంటు వస్తుంది, దాని మీద కంపెనీ పేరుంటుంది. ఆరు నెలలకు మెంబ్రేన్ చెడిపోతుంది, పేరు మాత్రం చెక్కుచెదరదు.

మా జిల్లాకు చిన్న డబ్బు బలం తెలియంది కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానంలో 480 మంది పోటీలో నిలిచారు. ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి వినిపించాలని జల సాధన సమితి పిలుపునిస్తే మామూలు జనం వందల్లో నామినేషన్లు వేశారు. అప్పటి డిపాజిట్ 500 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 250. అందరికీ 500 లెక్కేసుకున్నా మొత్తం 2 లక్షల 40 వేలు దాటదు. అంత డబ్బుతో మా నీళ్ల కథ ఢిల్లీకి చేరింది. అదే ఏడాది చట్టం మార్చి డిపాజిట్‌ను 10 వేలు చేశారు. పేదవాడు లోపలికొచ్చిన తలుపు చిన్నదని తెలిస్తే దాన్ని ఇంకా బిగించడం మనకు పాత అలవాటే.

ఇంకో సంగతి. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు కనిపెట్టిన పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి తేర్చడమే. ఇంట్లో ఒక బకెట్లో కూడా చేసుకోవచ్చు. ఆ బకెట్ మా జిల్లా పేరుతో టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. మేం శాంపిల్ సీసాలు కొనుక్కుంటామంటే ఫైలు కదలదు.

చిన్న డబ్బు చేసిన పని ఎవరికీ గుర్తుండదు కూడా. 2019లో అమ్రాబాద్ టైగర్ రిజర్వులో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం వెతకడానికి కేంద్రంలోని అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. నల్లమల కదిలింది, సెప్టెంబరులో అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. సినిమావాళ్ల పోస్టులు అందరికీ గుర్తున్నాయి. చెంచుల పెంటల (అడవిలోని గూడేల) నుంచి మన్ననూరు దాకా జీపు కిరాయి ఎవరిచ్చారో ఎవరికీ గుర్తులేదు.

ఇక మా 38,600 ఆగడం వల్ల మామూలు మనుషులకు ఏమైందో వరుసగా రాస్తున్నా.

1. బీరు సీసా తెచ్చిన ఆమె ఇప్పుడు రెండు బర్లే సాకుతోంది. కుంటకు తోలలేక, ఇంటి దగ్గర తొట్టికి నీళ్లు మోయలేక రెండు అమ్మేసింది. పాల కేంద్రంలో ఆమె పాస్‌బుక్ చూశాను. పూటకు తొమ్మిది లీటర్లున్న చోట ఇప్పుడు నాలుగు.

2. తాగడానికి మిషన్ భగీరథ నీళ్లొస్తున్నాయి, కాదనను. ఫ్లోరైడ్ రోజులు చూసినవాళ్లం, ఆ విలువ మాకు తెలుసు. కానీ పశువులకు, పంటకు, బట్టలకు, స్నానాలకు బోరు నీళ్లే. "భగీరథ ఉంది కదా, మీకేం నష్టం?" అని ఒక అధికారి అడిగారు. కుంట కింద ఎకరం వరి వేసిన రైతుకు ఈసారి నారు రెండుసార్లు మాడింది. ఆయన్ను అడగాల్సింది.

3. గడువు కరిగిపోతోంది. పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో వివాదం తేల్చమని అడగాలంటే సమస్య తలెత్తిన రోజు నుంచి ఆరు నెలల్లో పోవాలి, పరిహారం అడగాలంటే ఐదేళ్లలో; సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు. పరిహారం అడగకపోతే ఫీజు వెయ్యి రూపాయలే, కానీ సాక్ష్యం లేకుండా పోయి ఏం చేస్తాం? మా బెంచి చెన్నైలో. మీ ఆఫీసుల్లో మా కాగితం పద్నాలుగు నెలలు తిరిగింది. ఆరు నెలల గడువు అంతకుముందే పోయింది, మిగిలిన ఐదేళ్ల గడువూ అక్కడే కరిగిపోతోంది.

4. ఇది అన్నిటికంటే బాధపెట్టేది. ఊళ్లో సగం ఇళ్ల పిల్లలు మేం అనుమానిస్తున్న చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనే పనిచేస్తున్నారు. పన్నెండు శాంపిళ్ల రిపోర్టు చేతిలో ఉంటే మాట్లాడుకోవడానికి ఒక ఆధారం ఉండేది. లేకపోయేసరికి అనుమానాలు మిగిలాయి. "మీ గుంపు వల్ల మావోడి నౌకరీ పోతే ఎవరు బాధ్యులు?" అని నా పాత విద్యార్థి తండ్రి నా ముఖం మీదే అడిగాడు. ఆయన కోపంలో న్యాయముంది. నీళ్లలో ఏమీ లేదని తేలితే ఆ మాట మైకులో చెప్పేవాణ్ని. తేల్చే దారే లేకుండా పోయింది.

5. ఫ్లోరైడ్‌కు నడుం వంగిన తరాన్ని చూస్తూ పెరిగాం. నీళ్లలో ఏముందో తెలిసేసరికి వాళ్ల ఎముకలు గట్టిపడిపోయాయి. ఇంకోసారి ఆలస్యంగా తెలుసుకునే ఓపిక ఈ జిల్లాకు లేదు.

మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరం కూడా నాకు తెలుసు. డబ్బిస్తే తినేస్తారు. నిజమే, కొందరు తింటారు. పెద్ద డబ్బు రాగానే బోర్డు మార్చి, జీపు కొని, ఊరికి రావడం మానేసిన సంఘాలను నేనూ చూశాను. అందుకే చిన్న డబ్బు అడుగుతున్నా. 38 వేలల్లో జీపు రాదు. పైగా మా ఊళ్లో నేను ఐసుకు ఇరవై బదులు ముప్పై రాస్తే చేపలాయనే పట్టుకుంటాడు. మీ ఆడిటరు పట్టుకోలేడు.

మా డిమాండ్లు:

1. ప్రతి జిల్లాలో చిన్న గ్రాంట్లకు విడిగా ఒక పద్దు తెరవండి. ఒక్కో ఊరికి 10 వేల నుంచి 2 లక్షల దాకా. పైన చెప్పిన మూడు నిధుల్లోంచి కలిపి జిల్లాకు ఏడాదికి కోటి రూపాయలు పక్కన పెట్టినా, లక్ష చొప్పున వంద ఊళ్లకు అందుతుంది. కొత్త పన్నేమీ అక్కర్లేదు.

2. సొసైటీ రిజిస్ట్రేషన్, మూడేళ్ల ఆడిట్ అడగొద్దు. ఊళ్లో ఆడవాళ్ల పొదుపు గ్రూపుల గ్రామైక్య సంఘానికి ఖాతా ఉంది, లెక్కలు రాసే మనిషి ఉంది, తీర్మానాల పుస్తకం ఉంది. లక్షల అప్పులు తీసుకుని తీర్చిన ఆడవాళ్లను 38 వేలకు నమ్మలేరా? డబ్బు ఆ ఖాతాలో వేయండి.

3. అర్జీ ఒకే పేజీ, తెలుగులో. 45 రోజుల్లో జవాబు. ఇవ్వం అన్నా సరే, ఎందుకో రాసివ్వండి.

4. ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో ప్రభుత్వం బయటివాళ్లు ఎక్కువమంది ఉండాలి: రైతులు, ఆశా కార్యకర్తలు, కాలేజీ లెక్చరర్లు, నల్లమల నుంచి చెంచులు. కంపెనీల డబ్బు నేరుగా ఊరికి కాకుండా ఈ పద్దులోకే రావాలి, కంపెనీ మనిషి కమిటీలో కూర్చోకూడదు. తన మురుగు మీద పరీక్షకు తనే డబ్బిచ్చి తనే ఊరును ఎంచుకుంటే ఆ పరీక్షను ఎవరు నమ్ముతారు?

5. ఈ డబ్బు మొక్కలకు, గోడ మీద రాతలకే అని గీత గీయొద్దు. నీళ్ల పరీక్షకు, సమాచార హక్కు దరఖాస్తులకు, ట్రిబ్యునల్ ఖర్చులకు, రాత్రి కాపలా టార్చిలైట్లకు కూడా వాడుకోనివ్వాలి. ప్రశ్న అడగడానికయ్యే ఖర్చు కూడా పర్యావరణం ఖర్చే. మొక్కలకే ఇస్తామంటే మాత్రం, రెండు వేసవులు దాటి బతికిన మొక్కకు ఇవ్వండి.

6. నల్లగొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు యూనివర్సిటీ ల్యాబుల్లో ఊళ్ల నుంచి వచ్చే శాంపిళ్లను తక్కువ ఫీజుకు పరీక్షించే ఏర్పాటు చేయండి. ఎమ్మెస్సీ పిల్లలకు ప్రాజెక్టు అవుతుంది, మాకు హైదరాబాద్ తిరుగుడు తప్పుతుంది. ఊరివాళ్ల రిపోర్టులో తేడా కనిపిస్తే ఏడు రోజుల్లో అధికారులు వచ్చి సొంతంగా శాంపిల్ తీయాలి. మా రిపోర్టునే తీర్పుగా తీసుకోమనడం లేదు. మీరు కదలడానికి అది సరిపోవాలి, అంతే.

7. ప్రతి రూపాయి లెక్కా పంచాయతీ గోడ మీద అతికించాలి. మా లెక్కలతో పాటు మీ జిల్లా ఖనిజ నిధి లెక్కలు కూడా అదే గోడ మీద, అదే సైజు అక్షరాల్లో.

8. మా పాత అర్జీ మీద అవునో కాదో ఈ నెలాఖరులోపు చెప్పండి. ప్రజావాణిలో ఆరో రసీదు తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

ఈసారి వానాకాలపు శాంపిళ్లు సెప్టెంబరు రెండో వారంలో తీయాలి. నాలుగు బోర్ల యజమానులకూ చెప్పి ఉంచాం. సీసాలు కడిగి దండెం కింద బోర్లించాం. థర్మకోల్ పెట్టెకు మూత పగిలితే కొత్త టేపు వేశాం. ల్యాబ్ ఫీజు 9,600 ఇంకా దొరకలేదు.

ఇట్లు,
పది మంది తోటివాళ్ల తరఫున,
ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్,
నల్లగొండ జిల్లా